నరములిచ్చిన దేవుడు, నడుము వంచిన నీళ్లు

ధ్యాన భాగం: లూకా 13:10–17; కొలొస్సయులకు 2:19

ఊళ్లో ఉండి చదివేవారికీ, బతుకుదెరువు కోసం హైదరాబాదులో, బొంబాయిలో, గల్ఫులో ఉండి ఫోనులో చదువుకునే మన పాలమూరు, నల్గొండ బిడ్డలకూ దేవుని కృప తోడై ఉండును గాక.

ఈ వారం నరాల గురించి ధ్యానిద్దాం. మన మాటల్లో నరం అంటే మూడు ఉన్నాయి. నర్సమ్మ సూది గుచ్చడానికి చేతి మీద వెతికేది ఒక నరం. డాక్టరు "నరాల బలహీనత" అన్నప్పుడు ఆయన చెప్పేది ఇంకో నరం. పండుగ నాడు మాంసం కోసేటప్పుడు కత్తికి లొంగకుండా, తెల్లగా మెరుస్తూ, ఎంత ఉడికించినా పంటికి సాగుతూ ఉండేది మూడో నరం. నేను చెప్పేది ఈ మూడో దాని గురించే. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు అది. బడి పుస్తకాల్లో దాన్ని స్నాయుబంధనం అంటారు, ఆసుపత్రిలో టెండాన్ అంటారు. ఎముకను ఎముకకు కట్టి ఉంచేది దాని తోబుట్టువు. దాన్ని సంధిబంధనం లేదా లిగమెంట్ అంటారు. రెండు పేర్లలోనూ "బంధనం" ఉంది. ఆ మాటను గుర్తు పెట్టుకోండి.

బైబిలు ఈ నరాలను చిన్నచూపు చూడలేదు. దేవుడు తనను ఎముకలతో, నరాలతో అల్లాడని యోబు తన బాధలో కూడా ఒప్పుకున్నాడు (యోబు 10:11). యెహెజ్కేలు చూసిన ఎండిన ఎముకల లోయలో ఎముకలు ఒకదానికొకటి దగ్గరైన తర్వాత మొదట వచ్చినవి నరాలు. ఆ తర్వాతే మాంసం, దాని మీద చర్మం, ఆఖరుకు ఊపిరి (యెహెజ్కేలు 37). ఎముకలు పక్కపక్కనే చేరినంత మాత్రాన మనిషి కాడు. వాటిని కట్టేది ఒకటి కావాలి.

ఒక పని చేసి చూడండి. ఎడమ ముంజేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని, ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా ఆడించండి. కదిలేది వేలు, కానీ మీ పిడికిలి కింద ముంజేయి కదులుతుంది. ఎందుకంటే వేళ్లను వంచే బలమైన కండలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి మణికట్టు దాటి వేలి కొస దాకా నరాలు తాళ్లలా వెళ్తాయి. తోలుబొమ్మలవాడు తెర వెనక కూర్చుని ఆడించినట్టు కండ దూరంగా కూర్చుని లాగుతుంది, వేలు ఆడుతుంది. కండలన్నీ వేళ్లలోనే ఉంటే మన వేళ్లు ఎంత లావుగా ఉండేవో! అప్పుడు సూదిలో దారం ఎక్కించేదెవరు, పత్తి తీసేదెవరు?

మడమ వెనక ఉన్న నరం ఒంట్లో అన్నిటికన్నా మందమైనది, బలమైనది. అడుగు వేసినప్పుడు అది కొద్దిగా సాగి, పడిన బలాన్ని దాచుకుని, అడుగు లేపేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే మనిషి మైళ్లకొద్దీ నడవగలడు. ఈ నరాల్లో కొల్లాజెన్ అనే పదార్థం సన్నని పోగులు పోగులుగా, పడుగు దారాల్లా ఒకే వరుసలో ఉంటుంది. లాగితే తెగదు. సాగిన తర్వాత మళ్లీ తన పొడవుకు వస్తుంది. వాటికి రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి ఒకసారి దెబ్బతింటే మానడానికి చాలా రోజులు పడుతుంది. దేవుడు ఇచ్చిన ఈ తాడుకు రెండు గుణాలు ఉన్నాయి. గట్టిగా పట్టుకుంటుంది, కదలనిస్తుంది. రెండిట్లో ఏ ఒక్కటి పోయినా అది నరం కాదు.

మన ప్రాంతపు కళలన్నీ ఈ రెండు గుణాల మీదే నిలబడ్డాయి. దప్పు కొట్టేవాడి చేతిని చూడండి. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్నని చిటికెన పుల్ల. దప్పును మంట దగ్గర కాచి తోలు బిగిస్తాడు కానీ, మణికట్టును మాత్రం వదులుగా ఉంచుతాడు. మణికట్టు బిగిస్తే దెబ్బ పడుతుంది, దరువు రాదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాల దగ్గరా అంతే. నాడె ఇటు నుంచి అటు పోవడం వెనక నేతగాని భుజం, మోచేయి, మణికట్టు ఉన్నాయి. చీర మీద పువ్వును చూసి మెచ్చుకునేవాళ్లం ఆ పువ్వు వెనక లాగిన నరాన్ని చూడం.

చూసినవాడు ఒకడున్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసిందే. టై అండ్ డై చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అంటే దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో పైకి కిందికి తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి కొన్ని వేలసార్లు తిరగాలి. ఇళ్లలో ఆ పని చేసేది ఆడవాళ్లు. తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో, మోచేతి నొప్పితో బాధపడటం చూసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999 నాటికి ఆసు పోసే యంత్రాన్ని తయారు చేశాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాకు ఇందులో నచ్చింది అవార్డు కాదు. అమ్మ చేయి నొప్పికి ఆయన జాలి పడి ఊరుకోలేదు, "నీ రాత ఇంతే" అనలేదు. నొప్పి ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్లాడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. దేవుడు ఇచ్చిన బంధనం కదలనిస్తుంది. కదలనివ్వని బంధనం ఏదైనా సరే, అది సంకెల. మన నల్గొండ పల్లెల్లో దేవుడు ఇచ్చిన నరమే సంకెల అయిపోయిన మనుషులు ఉన్నారు. ఎవరి సంగతి చెబుతున్నానో మీకు అర్థమైంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, నారాయణపూర్ వైపు వెళ్లినవారికి వివరంగా చెప్పనక్కరలేదు. పాలమూరులోనూ కొన్ని ఊళ్లకు ఈ బాధ తెలుసు.

మన నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్లకొద్దీ నిలిచి, రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మన దగ్గర ఎన్నో బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. తాగినదాంట్లో కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. పసిపిల్లలకైతే వచ్చే పళ్ల మీదే పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. పెద్దవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ ఎముక బరువెక్కుతుంది. ఆ తర్వాత నరం, సంధిబంధనం ఎముకకు అతుక్కునే చోట సున్నం పేరుకుంటుంది. మెత్తని తాడు మెల్లగా రాయి అవుతుంది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పల్చని పొర ఒకటి ఉంటుంది. జబ్బు ముదిరినవారి ఎక్స్‌రేలో ఆ పొర కూడా ఎముకలా తెల్లగా కనిపిస్తుంది. వెన్నుపూసలను కట్టి ఉంచే బంధనాలు గట్టిపడి వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. కొందరిలో వెన్నుపామును నొక్కి కాళ్లు కూడా పడిపోతాయి.

మన పెద్దలు సోమరిని "నడుం వంచడు" అని తిట్టేవారు. ఈ మనుషులు జీవితమంతా నడుం వంచి నాట్లు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు. ఆ వంచిన నడుము మళ్లీ లేవలేదు.

ఇది ఎవరికీ తెలియక జరిగింది కాదు. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించారు. 1955లో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది కూడా అదే 1955లో. లండనులో చదివేవాళ్లకు మన వెన్నెముకల సంగతి తెలిసింది. కృష్ణ నీళ్లు మన జిల్లా అంచున ఆగాయి. ఆ నీళ్లు మన మెట్ట పల్లెల బిందెల్లోకి రావడానికి మాత్రం ఇంకో తరం, ఆ పైన ఇంకో తరం గడిచింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు ఫ్లోరైడు ఊళ్లలోని పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. 1996లో నీళ్ల కోసం విసిగిన జనం నల్గొండ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వేస్తే, పోటీలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. 2003లో బాధితులను ఢిల్లీ తీసుకెళ్లి అప్పటి ప్రధాని వాజపేయి గారికి చూపించవలసి వచ్చింది. ఒక గుక్కెడు మంచినీళ్ల కోసం మనుషులు తమ వంకర ఎముకలను సాక్ష్యంగా చూపించుకున్నారు.

ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. మొదట కొన్ని ఊళ్లకు కృష్ణ నీళ్లు, 2016 నుంచి మిషన్ భగీరథ. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడు బాధిత ఆవాసం ఒక్కటీ మిగల్లేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. దీనికి దేవునికి స్తోత్రం చెల్లిద్దాం, పోరాడినవారికీ కృతజ్ఞత చెబుదాం. కానీ కాగితం మీద సున్నా వచ్చినంత మాత్రాన వెన్ను మీద సున్నా రాదు. గట్టిపడిన నరం మళ్లీ మెత్తబడదు. నల్లా వచ్చేనాటికే వంగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. నల్లా రాని రోజు చేయి మళ్లీ బోరు మీదికే పోతోంది.

సంఘంగా మనం వాళ్లతో ఎలా మాట్లాడుతున్నామన్నదే నా బాధ.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందని సామెత. "ఏ పాపం చేసిందో" అనే మాట మన చర్చి మెట్ల మీదే వినబడుతుంది. "వాళ్ల ఇంటి మీద శాపం ఉంది" అంటారు. "ఆ ఊరికి పిల్లనివ్వం" అని ఒకప్పుడు సంబంధాలే తప్పించారు. స్వస్థత కూటాలకు తీసుకుపోయి, చేయి పెట్టి ప్రార్థించి, నడుము లేవకపోతే "నీకు విశ్వాసం చాల్లేదమ్మా" అని పంపించేవారూ ఉన్నారు. వంగి వెళ్లిన అవ్వ, ఇంకా వంగి ఇంటికి వస్తుంది. ముందు వీపు మీద రాయి ఒకటే ఉండేది. ఇప్పుడు దాని మీద నేరం కూడా మోపాం.

లూకా 13వ అధ్యాయం తీసి చదవండి. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి, ఎంతమాత్రం నిలబడలేని స్త్రీ సమాజమందిరానికి వచ్చింది. ఆమె ఏమీ అడగలేదు. యేసు ప్రభువే ఆమెను చూశాడు, పిలిచాడు. నీ విశ్వాసం ఎంత అని అడగలేదు. ఏ పాపం చేశావని అడగలేదు. ఆమె మీద చేతులుంచాడు. అందరి ముందు ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఆ అధ్యాయంలో ప్రభువు గద్దించింది ఆమెను కాదు, సమాజమందిరపు అధికారిని. మందిరం నియమాలు బాగా తెలిసిన, నడుము నిటారుగా ఉన్న మనిషిని.

"అయ్యగారూ, సాతాను ఆమెను బంధించాడని అక్కడే ఉంది కదా?" అని మీరు అడగవచ్చు. ఉంది. ప్రభువు శత్రువు పేరు చెప్పాడు. శత్రువు చేతిలో చిక్కినవాళ్లను నేరస్థులు అనలేదు. బందీకీ దొంగకూ తేడా ఉంది. శత్రువు ఎప్పుడూ కొమ్ములు పెట్టుకునే రాడు. డెబ్బై ఎనభై ఏళ్లు తెలిసి కూడా చేయకుండా ఉండటం రూపంలో, "మనకెందుకు" అనే మాట రూపంలో కూడా వస్తాడు. యాకోబును కూడా గుర్తు చేసుకోండి. తుంటి నరం మీద దెబ్బ తగిలి అతడు కుంటుతూ నడిచాడు (ఆదికాండము 32). ఆ రాత్రి అతనికి దొరికింది శాపం కాదు, ఆశీర్వాదం. కుంటేవాడినల్లా శపించబడినవాడంటే ఇశ్రాయేలు అనే పేరే మనకు మిగలదు.

ఇంకా ఒక మాట. తనను తప్పు పట్టినవారికి ప్రభువు ఇచ్చిన జవాబు ఏమిటి? విశ్రాంతి దినాన మీలో ప్రతివాడూ తన ఎద్దునో గాడిదనో గాడి నుంచి విప్పి, నీళ్లు పెట్టడానికి తోలుకుపోతాడు గదా, అయితే ఈమెను విప్పవద్దా అన్నాడు. నల్గొండలో నిలబడి ఈ మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. వంగిన నడుము, కట్టు విప్పడం, నీళ్లకు తీసుకెళ్లడం, మూడూ ఒకే చోట ఉన్నాయి. మన బర్రెకు మంచినీళ్ల తొట్టి చూస్తాం. మన అవ్వ ఏ నీళ్లు తాగుతోందో చూశామా?

దేవుడు స్వస్థపరచగలడని నేను నమ్ముతాను. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మనం అడుగుతూనే ఉన్నాం, అడుగుదాం. కానీ బైబిలులో దేవుడు మనుషులను మాత్రమే బాగుచేయలేదు, నీళ్లను కూడా బాగుచేశాడు. యెరికో పట్టణపువారు ఎలీషా దగ్గరకు వచ్చి, ఊరు బాగుంది కానీ నీళ్లు మంచివి కావని చెప్పుకున్నారు (2 రాజులు 2:19–22). ఎలీషా ఇంటింటికీ వెళ్లి రోగుల మీద చేతులుంచలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, ఊట ఉన్న చోటికే వెళ్లి అందులో వేశాడు. దేవుడు ఆ నీళ్లను బాగుచేశాడు. ఊట దగ్గరికి వెళ్లడం విశ్వాసం లేనివాళ్లు చేసే పని కాదు, ప్రవక్త చేసిన పని.

మన జిల్లా పేరుతో కూడా అలాంటి పాత్ర ఒకటి ఉంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, నీళ్లలోని ఫ్లోరైడును మడ్డిగా అడుగుకు దింపే పద్ధతిని తయారు చేశారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు వెళ్లింది. లోకంలో మన ఊరి పేరు జబ్బుతోనే కాదు, విడుదలతో కూడా ముడిపడి ఉంది. పటిక వేసేవాడి చేతిలో దేవుని పని లేదని నేను అనలేను.

"అయ్యగారూ, ఇదంతా సర్కారు పని. చర్చికి సువార్త పని చాలు" అని కొందరు అంటారు. గొట్టాలు వేయడం సర్కారు పనే. కానీ క్రిస్మసు నాడు చర్చి ఆవరణలో అన్నం ఏ నీళ్లతో వండాలన్నది సర్కారు నిర్ణయించదు. వంగిన అవ్వ మందిరంలో ఎక్కడ కూర్చోవాలన్నదీ కలెక్టరు గారు చెప్పరు. అందుకే సంఘాన్ని కొన్ని పనులు అడుగుతున్నాను.

మొదటిది, చర్చి బోరు నీళ్లనూ, ఇంట్లో, పొలంలో తాగే ప్రతి బోరు నీళ్లనూ పరీక్ష చేయిద్దాం. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు ఉన్నవే అందుకు. "మా బోరు తియ్యగా ఉంటుంది" అనేది పరీక్ష కాదు. ఫ్లోరైడుకు రుచి తెలియదు.

రెండోది, కాచి తాగితే చాలు అనుకోవద్దు. కాస్తే పురుగు చస్తుంది, ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వంటకు, చాయికి కూడా నల్లా నీళ్లే వాడండి. నల్లా రాని రోజుల కోసం ఒక డ్రమ్ము నిండా పట్టి పెట్టుకోండి. పొలానికి పోయేటప్పుడు సీసా ఇంటి నుంచే తీసుకుపోండి. నల్లా వారం రోజులు రాకపోతే పంచాయతీకి వెళ్లి అడగండి. అడగడం గొణగడం కాదు.

మూడోది, పిల్లలకు, గర్భిణులకు పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు పెట్టండి. ఒంట్లో సున్నం చాలకపోతే ఫ్లోరైడు ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. నేను డాక్టరును కాను. పిల్లల పళ్ల మీద చారలు కనబడినా, పెద్దల మెడ, నడుము బిగుసుకుంటున్నా ఆలస్యం చేయక ఆసుపత్రిలో చూపించండి. గట్టిపడింది వెనక్కి రాకపోయినా, నీళ్లు మారిస్తే ఇంకా ముదరకుండా ఉంటుంది.

నాలుగోది మందిరంలో చేయవలసింది. కింద కూర్చోలేని వారికి ముందు వరుసలో కుర్చీలు వేద్దాం. వెనక గోడ దగ్గర కాదు, ముందే. మెట్ల పక్కన వాలుబాట కడదాం. ప్రభువు బల్ల రోజున వాళ్లు లేచి రావలసిన పని లేదు, రొట్టె, రసం వాళ్ల దగ్గరికే వస్తాయి. మోకరించలేనివాళ్లు బాధపడవద్దు. పద్దెనిమిదేళ్లు వంగి ఉన్న స్త్రీని మోకరించమని ప్రభువు అడగలేదు, నిటారుగా నిలబెట్టాడు. ఇకమీదట ఎవరి నోటైనా "ఏ పాపమో" అనే మాట వస్తే, పక్కనున్నవారే ప్రేమతో ఆపండి.

ఆఖరుగా, మొదట గుర్తు పెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తాను. లూకా 13లో ఆ స్త్రీని పట్టి ఉంచిన కట్టుకు గ్రీకులో దెస్మోస్ అనే మాట ఉంది. సంకెల అని అర్థం. కొలొస్సయులకు 2:19లో శిరస్సయిన క్రీస్తు నుంచి శరీరమంతా కీళ్లతో, నరాలతో అతుకబడి ఎదుగుతుందని పౌలు రాసినచోట మాట సున్‌దెస్మోస్. "సున్" అంటే కలిసి. అదే దెస్మోస్‌కు "కలిసి" అనే మాట ముందు చేరింది. ఆ తర్వాతి అధ్యాయంలో (3:14) ప్రేమను చెప్పడానికీ పౌలు అదే మాట వాడాడు. తెలుగు బైబిలు అక్కడ దాన్ని "అనుబంధం" అంది. అంటే సంఘమనే శరీరంలో నరం పని చేసేది ప్రేమ. ఒకరినొకరం వదలకుండా పట్టుకోవాలి, ఒకరినొకరం కదలనివ్వాలి.

సంఘంలో కూడా బంధనాలు రాయి అవుతాయి. ఇది కూడా ఒక్కరోజులో జరగదు, బోరు నీళ్లలాగా గుక్క గుక్కగా జరుగుతుంది. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరి ఇంట్లో ప్రార్థన పెట్టాలి, ఎవరు ఏ కులం నుంచి వచ్చారు, ఎవరు కానుక ఎంత ఇచ్చారు అన్న లెక్కలు రోజూ కాస్త కాస్త తాగుతూ ఉంటే, పైకి అద్దంలా కనబడే సంఘం లోపల బిగుసుకుపోతుంది. తర్వాత పక్కవాడి వైపు మెడ తిప్పలేం. వంగిన అవ్వ మందిరంలోకి వస్తున్నా మనకు కనబడదు. మెడ తిరగని జబ్బు అప్పుడు ఆమెదా, మనదా?

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఎముకలతో, నరములతో మమ్మును అల్లిన దేవా, మా నేల నీళ్ల వలన వంగిపోయిన మా అమ్మలను, అయ్యలను నీ సన్నిధిలో జ్ఞాపకం చేసుకుంటున్నాము. వారి నొప్పిని తగ్గించుము, వారి పేరు మీద మేము వేసిన నిందను మా నోటి నుండి తీసివేయుము. మా పిల్లల ఎముకలను కాపాడుము. మా ఊట దగ్గరికి వెళ్లే ధైర్యాన్ని, అడిగే నోటిని, మోసే చేతిని మాకు దయచేయుము. మా సంఘములో బిగుసుకున్న ప్రతి బంధనాన్ని నీ ప్రేమతో మెత్తపరచుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.